నాయనకు ఎక్మో పెట్టించాలా, వద్దా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. కుదించి చెబుతున్నాను. ఎక్మో అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట నుంచి చేసే మిషను.

ఆమెకు 42 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచరు. తండ్రికి 69. ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, ఎక్కువ కాలం తిరుమల ఘాట్ రోడ్డు మీదే బస్సు నడిపారు. ఆరేళ్ళ కిందట ఆయనకు గుండె కండరం సాగిపోయి బలహీనపడే జబ్బు ఉందని తేలింది. డైలేటెడ్ కార్డియోమయోపతి అంటారు దాన్ని. ఇప్పుడు ఈఎఫ్, అంటే ఎడమ గదిలోని రక్తంలో గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వంతు, 20 శాతం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4. ఈ ఏడాది ఇప్పటికే మూడుసార్లు ఊపిరాడక ఆసుపత్రిలో చేరారు. మూడోసారి బీపీ పడిపోయి ఐదు రోజులు ఐసీయూలో ఇంజక్షన్ పంపుల మీద ఉన్నారు. ఇంటికి పంపే రోజు డాక్టరు ఈమెను పక్కకు పిలిచి, "ఇంకోసారి ఇట్లా వస్తే మందులకు లొంగకపోవచ్చు. ఎక్మో లాంటిది కావాలంటే చెన్నై తీసుకుపోవాలి. ఇంట్లో మాట్లాడి పెట్టుకోండి" అన్నారట.

ఆ మాట డాలస్‌లో ఉన్న తమ్ముడి చెవిన పడింది. ఎక్మో ఉన్న పెద్దాసుపత్రి పక్కనే చెన్నైలో ఇల్లు అద్దెకు తీసుకుని నాయన్ను ఇప్పుడే అక్కడికి మార్చాలని అతని పట్టు. బంధువుల్లో 23 ఏళ్ళ అమ్మాయికి రెండేళ్ళ కిందట వైరల్ జ్వరం వచ్చి గుండె చతికిలబడితే ఆరు రోజులు ఎక్మో మీద ఉంచి బతికించారు. మొన్న ఆ అమ్మాయి అలిపిరి మెట్లెక్కి కొండకు పోయి వచ్చింది. "ఆ పిల్లకు పనిచేసింది నాయనకు ఎందుకు చేయదు?" అన్నది తమ్ముడి ప్రశ్న. ఫోన్లో ఒక ఆసుపత్రివారు మొదటి రోజుకు ఆరు లక్షలు, తర్వాత రోజుకు లక్షన్నర చెప్పారు. సగం తమ్ముడు పంపుతాడు. మిగతా సగానికి బంగారుపాళ్యం దగ్గర నాయన పేరు మీదున్న మూడెకరాల తోతాపురి తోట అమ్మాలి. అమ్మకు రేపు ఆధారం ఆ తోటే. అమ్మేమో "బాలు గారంతటి మనిషికే ఆ మిషను పనిచేయలేదు, మనకెందుకు" అంటోంది.

చివర్లో ఇట్లా రాశారు: "వద్దంటే తోట కోసం నాయన్ను చంపుకుందంటారు. సరేనంటే అమ్మ బతుకేం కావాలి? రాత్రి నాయన దగ్గితే చాలు, లేచి కూర్చుంటున్నాను. పెట్టించాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో తమ్ముడి మాట ఉంది, అమ్మ మాట ఉంది, డాక్టరు మాట ఉంది, ఊళ్ళోవాళ్ళు ఏమంటారో అదీ ఉంది. మీ నాయన ఏమన్నారో ఒక్క ముక్క లేదు. చదువుతుంటే నాకు గుచ్చుకున్నది అదే. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఈ మిషను సంగతి తేల్చుకుందాం. ఇంట్లో ఒక్కొక్కరూ వేరు వేరు సంగతుల్ని ఎక్మో అనే ఒకే పేరుతో పిలుస్తూ వాదించుకుంటున్నారు.

2020లో గాయకుడు ఎస్పీ బాలు గారికి పెట్టింది కోవిడ్‌తో దెబ్బతిన్న ఊపిరితిత్తుల కోసం. మీ డాక్టరు అన్నది గుండెకు కూడా సాయపడే రకం, వీఏ ఎక్మో. తొడ దగ్గరి పెద్ద సిరలోంచి చిటికెన వేలంత లావు గొట్టాన్ని గుండె కుడి గది దాకా పంపుతారు. దాని గుండా చెడు రక్తం బయటికి వస్తుంది. పంపు దాన్ని లాగి, ఆక్సిజన్ ఎక్కించే పొర గుండా నెట్టి, తొడ ధమనిలో పెట్టిన ఇంకో గొట్టం ద్వారా ఒంట్లోకి తిరిగి పంపుతుంది. నిమిషానికి మూడు నుంచి ఐదు లీటర్లు, అంటే ఇంచుమించు గుండె చేసే పనంతా.

నేను ఐసీయూలో పనిచేసిన రోజుల్లో ఆ మంచం పక్కన గంటలు గంటలు నిలబడ్డాను. ఒక గొట్టంలో రక్తం నేరేడు పండు రంగులో పోతుంటుంది, పక్క గొట్టంలో మందారం రంగులో వస్తుంటుంది. మిషను చూసే అబ్బాయి గంటగంటకూ టార్చిలైటు వేసి ఆ పొర మీద ఎక్కడైనా గడ్డ కట్టిందేమోనని వెతుకుతాడు. అన్నిటికన్నా వింతగా అనిపించేది చేయి పట్టుకున్నప్పుడు. గుండె బాగా నీరసించి ఉంటే నాడి దొరకదు. పంపు రక్తాన్ని కొట్టుకోనివ్వదు, కాలువలో నీళ్ళలా ఒకే ధారగా పంపుతుంది. నాడి తెలియని మనిషి కళ్ళు తెరిచి మన వైపు చూస్తాడు. నాకు అది అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. మొదటిసారి చూసే కూతురికి ఎలా ఉంటుందో ఊహించగలను.

ఇంత చేసినా ఈ మిషను గుండె జబ్బును నయం చేయదు. గుండెకు కొన్నాళ్ళు సెలవిస్తుంది, మిగతా అవయవాలు చచ్చిపోకుండా కాపాడుతుంది, అంతే. అందుకే డాక్టర్లు దీన్ని వంతెన అంటారు. వంతెన ఎక్కే ముందు అవతల గట్టు ఉందా లేదా చూసుకోవాలి. ఆ గట్టు మూడు రకాలుగా ఉండొచ్చు: గుండె తనంతట తాను కోలుకోవడం, గుండె మార్పిడి, లేదా ఎల్‌వ్యాడ్ అని ఛాతీలో శాశ్వతంగా అమర్చే పంపు. అప్పటికప్పుడు ఏదీ తేలకపోతే, తేల్చుకునే వ్యవధి కోసం కూడా ఒక్కోసారి పెడతారు.

మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ అమ్మాయికి వచ్చింది మయోకార్డైటిస్ అయి ఉంటుంది. వైరస్ దెబ్బకు గుండె కండరం వాచి ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది. ముందు రోజు దాకా ఆరోగ్యంగా ఉన్న గుండె అది. వాపు తగ్గేదాకా ప్రాణం నిలబెడితే చాలామందిలో తిరిగి లేస్తుంది. ఎక్మో బాగా ఉపయోగపడే సందర్భాల్లో ఇది ముందుంటుంది. మీ నాయన గుండె ఆరేళ్ళుగా కొంచెం కొంచెంగా సాగుతూ వచ్చింది. వారం రోజులు సెలవిచ్చినంత మాత్రాన ఆరేళ్ళ అరుగుదల వెనక్కి పోదు. తమ్ముడికి ఇది మీరు చెబితే వాదనలా వినిపిస్తుంది. డాక్టరు నోట వినిపించండి.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టే. ఈసారి బీపీ పడిపోవడానికి కొత్త కారణం ఏదైనా, అంటే న్యుమోనియా లాంటి ఇన్ఫెక్షనో, గుండె విపరీతమైన వేగంతో కొట్టుకోవడమో, మాత్రలు ఆగిపోవడమో ఉంటే, ఆ కారణం తీరేదాకా నిలబెట్టడానికి అర్థం ఉండొచ్చు. అప్పుడు ఆయన చేరే గట్టు పూర్తి ఆరోగ్యం కాదు, మొన్నటి స్థితి. ఆ మొన్నటి స్థితి, అంటే పది అడుగులు వేసి కూర్చునే బతుకు, ఆయనకు కావాలా అన్నది ఆయనే చెప్పాలి.

లెక్కలు కూడా తెలియాలి. గుండె కోసం ఎక్మో పెట్టిన పెద్దవాళ్ళలో ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడేవారు ప్రపంచం మొత్తం మీద నూటికి 40 పైచిలుకు మంది. అది కూడా పనికొస్తారని ఎంచి పెట్టినవాళ్ళలో. 2023లో జర్మనీ, స్లొవేనియా ఆసుపత్రుల్లో చేసిన ఒక పెద్ద పరిశీలన ఫలితం వచ్చింది. గుండెపోటుతో షాక్‌లోకి, అంటే బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి పోయిన 400 మందికి పైగా రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వెంటనే ఎక్మో పెట్టారు, రెండో జట్టుకు మామూలు ఐసీయూ వైద్యం చేశారు. నెల రోజుల్లో చనిపోయినవారు మొదటి జట్టులో 47.8 శాతం, రెండోదానిలో 49 శాతం. దాదాపు తేడా లేదు. రక్తస్రావం మాత్రం ఎక్మో జట్టులో రెండింతలు దాటింది. మీ నాయనది గుండెపోటు కాదు కాబట్టి ఈ అంకెల్ని ఆయనకు నేరుగా అతికించకండి. పెద్ద మిషను పెడితే పెద్ద మేలు జరిగి తీరుతుందన్న నమ్మకాన్ని మాత్రం కాస్త వదులు చేసుకోండి.

ఆ మిషను మీద ఒంటికి ఏమవుతుందో ఎస్టిమేట్ కాగితంలో ఉండదు. గొట్టాల్లో గడ్డ కట్టకుండా రక్తాన్ని పలచబరుస్తారు, కాబట్టి గొట్టం చుట్టూ, చిగుళ్ళలో, ఖర్మ కాలితే మెదడులో రక్తం కారొచ్చు. తొడ ధమనిని గొట్టం ఆక్రమిస్తుంది గనుక పాదానికి రక్తం తగ్గుతుంది. దాని కోసం కిందికి ఇంకో సన్నని గొట్టం వేస్తారు, నర్సులు పదే పదే పాదం వెచ్చగా ఉందా అని తాకి చూస్తారు. అయినా కొందరికి కాలు పోతుంది. పైగా, పంపు తోసే రక్తం గుండెకు ఎదురొస్తుంది. అసలే నీరసించిన ఎడమ గది ఆ ఒత్తిడికి ఖాళీ కాలేక ఇంకా ఉబ్బి, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. దాన్ని దించడానికి ఒక్కోసారి ఇంకో పరికరం అవసరమవుతుంది. క్రియాటినిన్ 2.4 ఉన్న మనిషికి డయాలసిస్ కూడా తోడయ్యే అవకాశం ఎక్కువ.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వీటిలో ఏదీ కాదు. గుండె కోలుకోదు, మార్పిడికి పనికిరారు అని పదో రోజున తేలుతుంది. అప్పటికి మనిషి మెలకువలో ఉండొచ్చు, మాట వింటూ ఉండొచ్చు. మిషను ఆపితే ప్రాణం పోతుంది, ఆపకపోతే పోయే గట్టు లేదు. ఒక కొడుకు నన్ను వరండాలో నిలబెట్టి "ఇవాళ ఆపమంటే నేను ఆపినట్టా డాక్టరు గారూ?" అని అడిగాడు. "కాదు నాయనా, జబ్బు ఆపింది" అన్నాను. నిజమే చెప్పాను, కానీ ఆ మాట అతనికి అప్పుడు ఎక్కలేదు. ఎక్మో పెట్టాలా అనే రోజున ఆపడం గురించి ఒక్కరూ అతనితో మాట్లాడలేదు. మీ డాక్టరు మీతో ముందే మాట్లాడారు చూడండి, అది ఆయన మీకు చేసిన ఉపకారం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదట పోవాల్సింది, నా ఉద్దేశంలో, ఇల్లు మారడానికీ తోట అమ్మడానికీ కాదు. గుండె మార్పిడి, ఎల్‌వ్యాడ్ చేసే వైద్యబృందం ఉన్న చోట ఒక్కసారి ఓపీలో చూపించండి. నాయన కాస్త స్థిమితంగా ఉన్న ఈ రోజుల్లోనే. చెన్నైకి పొద్దున పోయి రాత్రికి రావచ్చు. అక్కడ అడగాల్సింది ఒకటే: "మా నాయన మార్పిడికి గానీ పంపుకు గానీ పనికొస్తారా?" వయసు, కిడ్నీలు, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి, గుండె కుడి గది బలం, ఇవన్నీ చూసి చెబుతారు. 69 ఏళ్ళు, ఈ కిడ్నీలు అన్నప్పుడు కాదనే అవకాశమే ఎక్కువని నా అనుమానం. కానీ గుండె నుంచి రక్తం చాలక కిడ్నీలు మందగించాయా, కిడ్నీలే దెబ్బతిన్నాయా అన్నది చూడకుండా నేను చెప్పలేను. పనికొస్తారంటే అవతలి గట్టు ఉన్నట్టు. అప్పుడు మార్పిడి కోసం పేరు నమోదు చేయించుకోవడం, మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ద్వారా జరుగుతుంది, ఆ తర్వాతి ఖర్చు, జీవితాంతం వాడాల్సిన మందులు, వీటి గురించి కూర్చుని మాట్లాడాలి. తమ్ముడి ఆలోచనకు బలం వస్తుంది. పనికిరారంటే మీ ప్రశ్నకు ముప్పాతిక వంతు జవాబు వచ్చినట్టే, అదీ మీ నోటితో కాకుండా.

అదే రోజు ఇంకోటి అడగండి: "మందుల్లో ఇంకా చేయదగ్గది ఏమైనా మిగిలిందా?" గుండె నీరసానికి ఈ రోజుల్లో వాడే నాలుగు రకాల మందులూ ఆయన తట్టుకోగలిగినంత మోతాదులో పడుతున్నాయా, ఐరన్ తక్కువుందా, గుండె రెండు వైపులూ ఒకేసారి కొట్టుకునేట్టు చేసే సీఆర్‌టీ పేస్‌మేకర్ ఈసీజీని బట్టి ఉపయోగపడుతుందా, అన్నీ. ఇక ఇంట్లో రోజూ పొద్దున బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. సంగటిలోకి ఊరుమిండి, ఊరగాయ లేకపోతే ముద్ద దిగదంటారేమో, ఆ ఉప్పే కొన్నిసార్లు ఐసీయూ దాకా తీసుకుపోతుంది.

చెన్నైలో ఇల్లు తీసుకోవడం పిచ్చి ఆలోచన కాదు. బీపీ పడిపోయిన మనిషిని తిరుపతి నుంచి అంబులెన్స్‌లో మూడు గంటలు తీసుకుపోవడం నిజంగా ప్రమాదం, పక్కనే ఉంటే ఆ గండం తప్పుతుంది. కానీ ఆ రోజు వచ్చే నెలలో రావచ్చు, ఏడాదిన్నర తర్వాత రావచ్చు. అప్పటిదాకా ఆయన తన వీధి, తన మనుషులు, సాయంత్రం పలకరించే పాత డ్రైవర్లు లేని అపార్ట్‌మెంట్‌లో కూర్చోవాలి. మీ ఉద్యోగం ఇక్కడ, అమ్మ ఒక్కతే అక్కడ. గట్టు ఉందని తేలాకే ఈ మార్పు గురించి ఆలోచించండి.

గట్టు లేదని తేలినా తమ్ముడి మనసు ఒప్పుకోకపోతే మధ్యేమార్గం ఒకటుంది. సరిదిద్దగలిగే కారణం ఉంటేనే ఎక్మో, అదీ ఐదో ఏడో రోజులు గడువు పెట్టుకుని. ఫలానా రోజుకు గుండె ఇంత మాత్రం కూడా లేవకపోతే ఆపేస్తామని వైద్యులతో ముందే మాట్లాడుకుని రాసుకోవాలి. దీనివల్ల ప్రయత్నం చేశామన్న తృప్తి ఉంటుంది. కానీ గడువు రోజు వచ్చేసరికి ఇంకో రెండు రోజులు చూద్దామనిపిస్తుంది, ఎవరికైనా. మీకు చెప్పిన లెక్క ప్రకారమే పది రోజులకు ఇరవై లక్షల దగ్గరికి చేరుతుంది, రక్తం, డయాలసిస్ వేరు. ఈ దారి పట్టేటట్టయితే ఆర్టీసీ వైద్య సదుపాయం, ప్రభుత్వ వైద్య పథకం ఇందులో ఎంత భరిస్తాయో, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు ఎట్లాగో ఆసుపత్రి ఆరోగ్యమిత్ర దగ్గర ఇప్పుడే కనుక్కోండి. గాభరాలో తోట అమ్మితే వచ్చే ధర ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఎక్మో వద్దనుకోవడం మరో దారి. వద్దనుకోవడమంటే వైద్యం మానేయడం కాదు. ఆక్సిజన్, నీరు తీసే ఇంజక్షన్లు, గుండెకు ఊతమిచ్చే మందులు అన్నీ తిరుపతిలోనే అందుతాయి. మందులకు లొంగని రోజున ఆయాసం తెలియకుండా తక్కువ మోతాదు మార్ఫిన్ ఇస్తారు. అది ప్రాణం తీసే మందేమోనని చాలామంది భయపడతారు. సరైన మోతాదులో ఇస్తే ఊపిరి కోసం పడే పెనుగులాటను తగ్గిస్తుంది. ఈ దారిలో ఆయన బహుశా ఆ దఫాలోనే పోతారు. అందులో తీపి మాటలు చెప్పను. కాకపోతే అమ్మ ఆయన చేయి పట్టుకుని కూర్చోగలుగుతుంది.

"చంపుకుందంటారు" అని రాశారు. అనొచ్చు, ఒకరో ఇద్దరో. ఆరేళ్ళుగా మాత్రల డబ్బా సర్దింది మీరు, కాళ్ళ వాపు నొక్కి చూసింది మీరు, రాత్రి దగ్గితే లేచి కూర్చుంటున్నది మీరు. ఆ మాట మీకు అంటదు. తమ్ముడి మీద కూడా కోపం పెట్టుకోకండి. దగ్గరున్నవాళ్ళు రోజూ కొంచెం కొంచెంగా చూసిన క్షీణతను దూరంగా ఉన్న కొడుకు ఒక్క ఫోన్ కాల్‌లో వింటాడు. డబ్బు పంపడం తప్ప చేతిలో ఏమీ లేనివాడి ఆరాటం అది. అతనితో "వద్దు" అని మొదలుపెట్టకండి. "అవతలి గట్టు ఏమిటో ఇద్దరం కలిసి డాక్టరును అడుగుదాం" అని ఓపీ రోజున వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి.

ఇక మీ నాయన. గుండె ఆయనది, తోట ఆయన పేరు మీద ఉంది. రెంటి గురించీ ఆయనకు తప్ప అందరికీ తెలుసు. భయపడతారని దాచారేమో. ముప్పై నలభై ప్రాణాలు వెనక కూర్చోబెట్టుకుని ఆ మలుపుల్లో ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టిన మనిషి, ఎదురుగా ఏముందో చెబితే తట్టుకోలేరా? పొద్దున కాఫీ తాగాక, ఊపిరి తేలిగ్గా ఉన్న పూట కూర్చోండి, అమ్మ కూడా ఉండాలి. ఎక్మో అన్న మాటతో మొదలుపెట్టకండి. "పోయినసారి ఐసీయూలో ఎట్లుండింది నాయనా?" అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి. తర్వాత "మళ్ళీ అట్లా వస్తే ఎంతవరకు చేయమంటావు?" అని అడగండి. ఏడుపొస్తే ఏడవండి. ఒక్క పూటలో తేలకపోవచ్చు, మళ్ళీ ఇంకోసారి కూర్చోవచ్చు. "అన్నీ చేయించండి, బతకాలనుంది" అన్నారనుకోండి, అప్పుడు తోట సంగతి కూడా ఆయనతోనే మాట్లాడండి, ఆ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా మోయండి. "ఇక చాలు, ఇంటి దగ్గరే" అంటే అది మీ నిర్ణయం కాదు, ఆయనది. అప్పుడు తమ్ముడితో ఆ మాట ఆయన నోటనే చెప్పించండి.

చెప్పింది కాగితం మీద పెట్టొచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీనికి చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. తెలివిలో ఉన్న మనిషి తనకు ఏ వైద్యం వద్దో రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా అందులో రాయవచ్చు. ఆ పేరు మీదో తమ్ముడిదో ఇద్దరిదో, ఆయన్నే చెప్పమనండి. తర్వాత మనసు మారితే మార్చి రాయవచ్చు.

ఆసుపత్రి ఫైలు ఒక సంచిలో వేసి తలుపు దగ్గర పెట్టండి. చివరి ఎకో, క్రియాటినిన్ రిపోర్టు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల పట్టీ, అన్నిటికన్నా పైన ఆ కాగితం. అర్ధరాత్రి 108 వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు. దాని జిరాక్స్ ఒకటి ఇక్కడి డాక్టరుకు ఇవ్వండి, ఫోటో తీసి తమ్ముడికి పంపండి.